మునిగితేనే గెలుపు

పోయిన వారం అనసూయను మిషను దవాఖాన మెట్ల మీద నిలబెట్టి వదిలేశాం. చేతిలో తెల్లగుడ్డ మూట, నోట్లో రాజన్న దేవుడి పేరు. పాపం, వారమంతా ఆమె అక్కడే నిలబడి ఉందేమోనని జాలిగుండె గల పాఠకులు దిగులుపడి ఉంటారు. లేదు లెండి, లోపలికి వెళ్ళింది. వెళ్ళకపోయినా బాగుండేదని మధ్యాహ్నంలోపే ఆమెకు అనిపించింది గానీ, అదంతా ఇప్పుడే చెప్పేస్తే ఇక నేనెందుకు?

ఈ వారమే పత్రిక చేతికి తీసుకున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. వరంగల్ కొత్తవాడలో అనసూయకు, ఆమె భర్త మల్లికార్జున్‌కు పన్నెండు సాంచెలు ఉన్నాయి. సాంచెలంటే కరెంటు మగ్గాలు. వాటి మీద పట్టుచీరలు పుట్టవు, గాయాలకు కట్టే పల్చటి బ్యాండేజీ గుడ్డ పుడుతుంది. మూడేళ్ళ కిందట మల్లికార్జున్ తమ్ముడు యాకయ్య నేసిన సరుకులో పోగులు తక్కువ పడ్డాయని మిషను దవాఖానవాళ్ళు బండెడు గుడ్డ వెనక్కి పంపారు. ఆ రోజు అనసూయ వాకిట్లో నిలబడి, నలుగురూ వింటుండగా మరిదిని ఒక మాట అంది. "నీ చేతి గుడ్డ ఇంక నా గోదాముల కనవడొద్దు." యాకయ్య ఆ సాయంత్రమే సాంచెల పనికని దూరాన ఉన్న భీవండికి బండెక్కాడని చెప్పుకున్నారు. మళ్ళీ గడప తొక్కలేదు. అత్త చిలుకమ్మ కోడలితో బాగానే మాట్లాడుతుంది, పెట్టింది తింటుంది. చిన్నకొడుకు పేరు మాత్రం ఈ మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె ముందు ఎత్తలేదు.

ఇక దవాఖానల సంగతి. ఇదివరకు హనుమకొండ, వరంగల్‌లలో ఒక్కో దవాఖానది ఒక్కో తీరు. అనసూయ ఏడు మచ్చులు కోసి ఏడు చోట్ల ఇచ్చేది. ఒకచోట పోగులు లెక్కపెట్టేవారు. ఇంకోచోట తడిపి చూసేవారు. మరోచోట హైదరాబాదు పంపి, అక్కడినుంచి కాగితం వచ్చేదాకా మచ్చును బల్లకింద పడేసేవారు. కాగితం వచ్చే వేళకు సంతకం పెట్టాల్సిన సారు బదిలీ అయిపోయేవాడు. ఉగాదికి ఇచ్చిన మచ్చుకు బతుకమ్మకు జవాబొస్తే త్వరగా వచ్చినట్టే లెక్క.

ఇప్పుడు ఆ ఏడు దవాఖానలూ ఒక్క మాట మీదికి వచ్చాయి. అమ్మేవాళ్ళను ముందుగానే ఒకసారి వచ్చి చూస్తారు. ఎక్కడ నేస్తున్నారు, ఎవరు నేస్తున్నారు, గుడ్డను ఎట్లా ఉడకబెట్టి తెల్లబరుస్తున్నారు, అన్నీ రాసుకుంటారు. పరీక్ష ఒక్కచోటే, మిషను దవాఖానలో. అక్కడ పాసైతే ఏడుచోట్లా పాసే. పేరు ఉమ్మడి జాబితాలో ఎక్కిందా, ఏడాదిపాటు ఎవరికి గుడ్డ కావాల్సినా ఒక్క ఫోన్ చాలు, మూడో రోజుకు బండి వాళ్ళ వాకిట్లో ఉంటుంది. దవాఖానలవాళ్ళను అనసూయ ముందే ఒప్పించి, కొత్తవాడకు రప్పించి తన సాంచెలన్నీ చూపించింది. మిగిలింది గుడ్డ పరీక్షే. శనివారం పొద్దున పదింటికి జాబితా మీద సంతకాలు. అందులో ఎక్కనివాళ్ళు మళ్ళీ ఏడాది ఆగాలి. అనసూయ సాంచెల్లో ఆరు ఇప్పటికే దుప్పటి కప్పుకుని పడుకున్నాయి. ఇంకో ఏడాదంటే మిగతా ఆరూ తుక్కు కొట్టుకే పోతాయి.

అదీ సంగతి. ఈ రోజు శుక్రవారం. పొద్దున పదకొండు.

పరీక్ష గదిలో ఏవేవో మిషన్లు ఉంటాయని అనసూయ భయపడుతూ వెళ్ళింది. తీరా చూస్తే బల్ల మీద ఒక తెల్ల బేసిను, నిండా నీళ్ళు, పక్కన ఒక భూతద్దం, రెండు మందు సీసాలు. బల్ల వెనక జెస్సికా. ల్యాబులో పనిచేసే పిల్ల, ఏడు దవాఖానల గుడ్డా దూదీ ఇప్పుడు ఆమె చేతుల మీదుగానే పోవాలి. పక్క కుర్చీలో స్టోరు చూసే కృపానందం. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ దవాఖానలోకి వచ్చే ప్రతి గుడ్డపేలికా ఆయన కళ్ళబడే లోపలికి వెళ్ళింది. కళ్ళజోడుకు తాడు కట్టి మెడలో వేసుకుంటాడు. మాట మెత్తన, మనిషి గట్టి.

"కూసో చెల్లె. ఫికర్ చేయకు. నీ గుడ్డ నాకు కొత్త గాదు గద."

జెస్సికా మచ్చులోంచి అరచేతంత ముక్క కోసి, రెండు వేళ్ళతో నీళ్ళ మీద మెల్లగా వదిలింది. మరో చేత్తో ఫోన్లో గడియారం నొక్కింది. పది సెకన్లలోపు గుడ్డ మునగాలి. మునిగితే తడిని పీలుస్తుందని అర్థం, గాయానికి పనికొస్తుంది. తేలితే గాయం మీద ప్లాస్టిక్ సంచి కప్పినట్టే. లోకంలో ప్రతివాళ్ళూ తేలాలని మొక్కుకుంటే, ఆ పూట అనసూయ ఒక్కతే మునగాలని మొక్కుకుంది.

ఐదు. ఎనిమిది. పది.

గుడ్డ మునగలేదు. ఇరవై అన్నది జెస్సికా, ముప్పై అన్నది, ఆ తర్వాత అనడం మానేసింది. తెల్లటి ముక్క నీళ్ళ మీద కాగితం పడవలాగా హాయిగా తిరుగుతోంది.

"గిదేంది? గిట్ల అయ్యేది కాదు అన్నా! మొన్న ఇంట్ల బిందెల ఏసి చూసిన. నాలుగు అంకెలు లెక్కవెట్టేలోపు మునిగింది. మీ నీళ్ళల్లనే ఏదో ఉన్నది."

"ఇంకో ముక్క ఏద్దాం అక్కా," అంది జెస్సికా. వేసింది. అదీ తేలింది. మూడోదీ తేలింది. ముగ్గురు అక్కచెల్లెళ్ళు బేసిన్లో ఈత కొడుతున్నారు.

కృపానందం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఏం జెయ్యాలె చెల్లె, తేలింది."

"అన్నా, నిరుడు మీ దవాఖానకే ఇస్తి గదా నేను? ఒక్క ముక్క వాపసు వచ్చిందా? నువ్వే అన్నవ్, అనసూయ గుడ్డంటే కండ్లు మూసుకొని తీసుకోవచ్చని. నా మీద నీకు నమ్మకం లేదా?"

"నాకున్నది. నీళ్ళకు ఉండాలె గద." ఆయన నవ్వలేదు. "నిరుడు అది నా ఒక్క దవాఖాన ముచ్చట. తప్పయితే నా మెడకే చుట్టుకునేది. ఇప్పుడు ఏడుగురు నా కండ్లతోటి చూస్తాండ్రు. నేను జర అటు చూసిన్ననుకో, ఏడుచోట్ల అందరు అటు చూసినట్టే."

"అంటే ఒక్కతాన ఫెయిలైతే ఏడుతాన్ల ఫెయిలేనా?"

"పాసు అట్ల వస్తె ఫెయిలు గూడ గట్లనే వస్తది గద."

అనసూయకు ఏడుపొచ్చింది. కోపంగా ఉన్నప్పుడే ఆమెకు ఏడుపొస్తుంది, అందుకే చూసినవాళ్ళకు ఏది ఏదో తెలియదు. "గంత మంది ఒక్కటై గిట్ల గొంతు మీద కూసుంటరనుకోలే. పాతదే నయముండె. ఒకలు కాదంటె ఇంకొకలన్న తీసుకుందురు."

"పాతది నయమా?" కృపానందం కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "నాలుగేండ్ల కింద వానకాలం. హైదరాబాద్ రోడ్డు మీద పెండ్లి వ్యాను పల్టీ కొట్టింది, ఎరుకేనా? ఇరవై మందిని ఒక్కసారే తెచ్చిండ్రు. స్టోర్ల చూస్తె గుడ్డ ఖతం. కొత్త దుకాణమాయన మచ్చు నా బల్ల కిందనే ఉన్నది, నాలుగు నెలల సంది. రిపోర్టు రాలేదని కొనలే. పక్క దవాఖానోళ్ళు అదే గుడ్డ పరీక్ష చేయించి కొనుక్కున్నరు. వాళ్ళ కాగితం మాకు చెల్లదంట. గోడ అవతల గుడ్డున్నది, గోడ ఇవతల నెత్తురున్నది. ఏం జేసినమో తెల్సా? వార్డు పర్దాలు ఉడకబెట్టి, చింపి కట్టినం. పెండ్లి పిల్ల నుదుటికి నా చేతులతోటి నీలంరంగు పర్దా కట్టిన. అప్పుడనుకున్న, దేవా, ఒక్కసారి చూసినదాన్ని మళ్ళ ఏడుసార్లు చూసుడు బంద్ గావాలె అని. నువ్వు పాతది నయమనకు చెల్లె."

అనసూయ తల వంచుకుంది. ఆ వ్యాను ముచ్చట ఆమెకూ తెలుసు.

ఈలోపు జెస్సికా తేలుతున్న ముక్కను తీసి, వేళ్ళ మధ్య నలిపి, వెలుతురుకు పట్టి చూస్తోంది. "సార్, ఇది జర గట్టిగున్నది. అక్కా, ఇస్త్రీ చేసినవా దీన్ని?"

"నేనెందుకు చేస్త? గుడ్డ చుట్టిన థానుల కెళ్ళి కోసి మూట కట్టి పెట్టిన, అంతే."

జెస్సికా ఒక సీసా మూత తీసింది. దెబ్బ తగిలితే పూసే ఎర్రటి టింక్చరు, అయోడిన్. పొడిముక్క మీద ఒక్క చుక్క వేసింది. చూస్తుండగానే ఆ ఎర్రచుక్క నీలమై, నీలం నల్లబడి, నేరేడుపండు నలిపినట్టు గుడ్డంతా పాకింది.

"గంజి!" అంది జెస్సికా. "సార్, గంజి పెట్టిండ్రు దీనికి. అందుకే మునుగుత లేదు."

అనసూయ కళ్ళ ముందు నిన్నటి వంటగది కదిలింది. అన్నం వార్చిన గిన్నె ఖాళీగా ఉండడం, పెరట్లో తీగె మీద ఏదో తెల్లగా ఆరుతుండడం, అత్త ముఖంలో ఎన్నడూ లేని హుషారు. వెంటనే ఇంటికి ఫోన్ కలిపి, స్పీకరు నొక్కింది.

"అత్తా, మచ్చు గుడ్డకు గంజి పెట్టినవా?"

"పెట్టక?" చిలుకమ్మ గొంతు గది నిండా మోగింది. "పెద్దోళ్ళ కాడికి పోయే గుడ్డ ముడతలు ముడతలు పోతదా? మూట ఇప్పి చూస్తె ముసలిదాని మొఖం తీరున్నది. గంజిల ముంచి, ఎండకు ఆరేసి, చెంబుల నిప్పులేసి ఒత్తిన. మా అత్త నాకు గట్లనే నేర్పింది, గంజి లేని గుడ్డ దొరల ముందట పెట్టొద్దని. ఎట్లున్నది? మెచ్చుకున్నరా?"

జెస్సికా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కృపానందం ఫోను వైపు వంగాడు. "పెద్దమ్మా, నేను మిషను దవాఖాన కృపానందంను. నీ గుడ్డ మంచిగ తేలింది."

"తేలిందా! సల్లగుండు బిడ్డా! మా కోడలు శాన కష్టపడ్డది."

ఇక ఆయన ఆగలేకపోయాడు. కళ్ళజోడు తాడు ఊగిపోయేంతగా నవ్వాడు. అనసూయకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు గానీ, ఆ ముసలి చేతులు నిన్నంతా ఆ పేలికకు చేసిన మర్యాద తలుచుకుంటే అత్త మీద కోపం మాత్రం రాలేదు.

నవ్వయ్యాక కృపానందం పెన్ను తీశాడు. ఉన్నది ఉన్నట్టే రాశాడు. మచ్చుకు గంజి ఉంది, తేలింది, ఫెయిల్.

"రాసినవా అన్నా?"

"రాయకుంటె ఎట్ల? కాకపోతె తప్పు గుడ్డది గాదు, గంజిది. అట్లాంటప్పుడు రెండో మచ్చుకు రూల్ ఉన్నది."

అనసూయ లేచి నిలబడింది. "గంటల తెస్త. ఆటోల పోయి ఆటోల వస్త."

"నువ్వు తెచ్చేది లేదు. ఒకసారి తెచ్చినవ్ గద! రెండోసారి మేమే వస్తం. నీ గోదాముల మాకు నచ్చిన థాను మీద చెయ్యి పెడతం, అక్కడనే కోస్తం, అక్కడనే ముంచుతం. నువ్వు వేలు పెట్టి చూపియ్యొద్దు."

"రాండ్రి! కండ్లు మూసుకొని తీయుండ్రి. నా గోదాముల ఉన్నదంత ఒక్కతీరు గుడ్డనే," అంది అనసూయ. ఆ మాట ఎంత ధైర్యంగా అందో! మనిషి నోటి నుంచి వచ్చే ధైర్యమైన మాటల్ని దేవుడు పక్కనే కూర్చుని రాసుకుంటాడంటారు.

బయటికొచ్చి మల్లికార్జున్‌కు ఫోన్ చేసి, మూడింటికి వస్తున్నారని చెప్పింది.

"ఇయ్యాలనేనా? రేపు పెట్టుకోమనరాదు?"

"రేపు పొద్దుగాల పదింటికే సంతకాలయ్యా! నిద్రల ఉన్నవా?"

"కాదు... గోదాము సదిరి లేదు గద అని."

"సదరకు. ముట్టకు. ఎట్లున్నది అట్లనే ఉండనీయ్," అని పెట్టేసింది. భర్త గొంతులో ఏదో తడబాటు ఆమె చెవిన పడింది. పడింది గానీ, ఆటో బేరంలో పడి మర్చిపోయింది.

మూడు గంటలకు కొత్తవాడ సందులో ఆటో ఆగింది. ఆరు సాంచెలు టకటకలాడుతున్నాయి. జెస్సికా బేసినూ సీసాలూ ఒక బుట్టలో పెట్టుకుని దిగింది. చిలుకమ్మ గోదాము గుమ్మంలోనే కూర్చుని ఉంది. గంజి సంగతి కోడలు చెప్పినట్టుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "తప్పయింది సారూ, నాకేం ఎరుక" అంది.

"తప్పేంది పెద్దమ్మా. నాకు ఒక్క అంగి ఉన్నది, దానికి పెడుదువు గని," అన్నాడు కృపానందం.

గోదాములో థాన్లు వరసలుగా పేర్చి ఉన్నాయి. కృపానందం ముందు వరస వైపు చూడనైనా చూడలేదు. ముప్పై ఒక్క ఏళ్ళ అనుభవం ఊరికే పోతుందా, ముందు వరసలో ఏ వ్యాపారి ఏం పెడతాడో ఆయనకు తెలియదా! గోడవారగా నడుచుకుంటూ పోయి, వెనక మూలన, కింది నుంచి మూడో థాను మీద చెయ్యి పెట్టాడు.

"సార్, అది పాతది," మల్లికార్జున్ గబగబా ముందుకొచ్చాడు. "దుమ్ము పట్టి ఉంటది. ముందర తాజా సరుకున్నది."

"నువ్వు వద్దంటె నాకు అదే కావాలనిపిస్తాంది తమ్మి."

థాను బయటికి లాగారు. జెస్సికా స్టూలు మీద బేసిను పెట్టి, నీళ్ళు నింపి, థాను నడిమి నుంచి ముక్క కోసింది. నీళ్ళ మీద వదిలింది.

ఒకటి. రెండు. మూడు.

గుడ్డ అంచులు మెత్తబడ్డాయి, నడుము వంగింది, మెల్లగా అడుగుకు చేరింది.

"మునిగిందా? అయ్యో!" అంది చిలుకమ్మ.

"మునిగితేనే పాసు అత్తా!" అనసూయ అత్త భుజాలు పట్టుకుని ఊపేసింది.

రెండో ముక్క మూడు సెకన్లు. మూడోదీ మూడే. టింక్చరు చుక్క వేస్తే నీలం జాడ లేదు. భూతద్దం కింద పోగులు లెక్కపెడితే ఒక్కటి తక్కువ లేదు, ఒక్కటి ఎక్కువ లేదు. కృపానందం మిగిలిన థానును వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

"నీ దగ్గర మంచి గుడ్డ చూసిన గని, ఇంత మంచిది చూడలే చెల్లె. ఎవలు నేసిండ్రో గని చెయ్యి బంగారం."

అనసూయ ముఖం వెలిగింది. ఆరు సాంచెల మీది దుప్పట్లు ఆమె మనసులో అప్పుడే తొలగిపోయాయి. కృపానందం సంచిలోంచి కాగితం తీసి, థాన్ల మీదే పెట్టి రాయడం మొదలుపెట్టాడు. రాసింది పైకి చదివాడు. "ఈ గుడ్డ ఈ చిరునామాలో మేము చూసిన సాంచెల మీదనే నేసినది. కింద నువ్వు సంతకం పెట్టు, దాని కింద నేను పెడత. రేపు పదింటికి ఏడుగురు పెడతరు."

"మంచిది అన్నా," అంటూ ఆమె విప్పిన థానును చుడుతోంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే, బొటనవేలు అలవాటుగా ఎడమ అంచు మీదికి పోయింది. పోయి, అక్కడే ఆగింది.

ఆ ఇంటి గుడ్డకు ఒక గుర్తుంది. ఎడమ అంచు నుంచి మూడో పోగు ఒంటిగా ఉండదు, రెండు పోగులు కలిపి జంటగా వేస్తారు. చిలుకమ్మ అత్తగారు జంపఖానాలు నేసిన రోజుల నుంచీ అదే ఆచారం. కంటికి ఆనదు. భూతద్దం కింద కూడా, తెలిసినవాళ్ళు చెబితే తప్ప పట్టుకోలేరు. బొటనవేలితో రాస్తే మాత్రం సన్నటి గీత తగులుతుంది. కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టిన వారానికే అత్త ఆమె వేలు పట్టుకుని ఆ గీత చూపించింది. వాళ్ళ పన్నెండు సాంచెల్లో ఆ జంట పోగు లేకుండా నేసేది ఒక్కటీ లేదు.

ఈ థానుకు ఆ గీత లేదు.

మళ్ళీ రాసింది. బెత్తెడు దూరం, మూరెడు దూరం. నున్నగా జారిపోయింది వేలు. ఇది తన గుడ్డ కాదు. తన గోదాములో, తన థాన్ల మధ్య, ఎక్కడిదో ఎవరిదో గుడ్డ.

ఆమెకు భయం వేసింది. అబద్ధమెందుకు, ముందు అనిపించింది మాత్రం నోరు మూసుకోవాలనే. ఎవరికి తెలుస్తుంది? గుడ్డ పాసైంది. పోగులు సరిపోయాయి. ఈ గదిలో ఆ గీత సంగతి తెలిసినవాళ్ళు తామే ముగ్గురు. ఒక్క సంతకం పెడితే రేపటినుంచి పన్నెండు సాంచెలూ నడుస్తాయి. పెన్ను కృపానందం ఆమె వైపే చాపి ఉన్నాడు.

ఏడుగురు నా కండ్లతోటి చూస్తాండ్రు, అన్నాడాయన పొద్దున. ఆ కళ్ళు ఇప్పుడు ఆమె బొటనవేలి కింద ఉన్నాయి. ఈ థాను మంచిది, సరే. ఇది వచ్చిన దారినే రేపు ఇంకోటి వస్తే? అది మునగకపోతే? నీలం పర్దా కట్టుకున్న ఆ పెండ్లిపిల్ల ముఖం ఆమె చూడలేదు గానీ, చూసినట్టే అనిపించింది.

"అన్నా, పెన్ను లోపట పెట్టు," అంది. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "ఈ థాను మా సాంచె మీద పుట్టలే."

జెస్సికా బుట్ట సర్దడం ఆపేసింది. కృపానందం కళ్ళజోడు పైనుంచి చూశాడు. "పాసైన గుడ్డను కాదంటానవా?"

"గుడ్డ పాసే. చిరునామ ఫెయిల్." అంచు ఆయన చేతికిచ్చి, జంట పోగు సంగతి చెప్పింది. పక్క థాను లాగి దాని అంచు కూడా చూపించింది. ఆయన రెంటినీ బొటనవేలితో రాసి రాసి చూశాడు. చివరికి తల పంకించి, రాసిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"నువ్వు చెప్పకుంటె నాకు తెల్వకపోవు," అన్నాడు నెమ్మదిగా. "మూడో మచ్చుకు రూల్ లేదు గని, చెప్పినవ్ గనుక ఇంకో దారి చెప్త. ఇది ఎక్కడ నేసిండ్రో ఆ సాంచె రేపు పదింటి లోపట నాకు చూపియ్యి. చూసి, నేసినోళ్ళ పేరు నీ పేరు కింద ఎక్కిస్త. చూడకుంట మాత్రం నేను ఎక్కియ్య. పుట్టిల్లు చూడకుంట పిల్లను తెచ్చుకోం గద!"

"ఎక్కడిదో నాకే ఎరుక లేదన్నా."

అప్పటిదాకా చిలుకమ్మ థాను కొసను ఒళ్ళో వేసుకుని, మసక కళ్ళు మూసుకుని, గుడ్డ మీద వేళ్ళు నడిపిస్తోంది. ఒకచోట వేళ్ళు ఆగాయి. తెగిన పోగును అతికిన చిన్న ముడి, ఆవగింజంత కూడా లేదు. దాన్ని అటూ ఇటూ తడిమింది. ఇంకో ముడి వెతికింది, దాన్నీ తడిమింది.

"ఎడమచేతి ముడి," అంది. "గీ కొత్తవాడల ఎడమచేత్తోటి ముడేసేటోడు ఒక్కడే ఉండె."

ఆ తర్వాత, మూడేళ్ళ తర్వాత మొదటిసారి, కోడలి ముఖంలోకి చూస్తూ ఆ పేరు అంది.

"యాకయ్య."

అనసూయ భర్త వైపు తిరిగింది. మల్లికార్జున్ అప్పటికే గుడ్డ బేలు మీద కూలబడి, రెండు చేతుల్లో తల పెట్టుకున్నాడు.

"వాడు భీవండి పోలే," అన్నాడు నేల చూపులు చూస్తూ. "హైదరాబాద్ తొవ్వల రఘునాథపల్లిల ఉన్నడు. పాత సాంచె ఒక్కటి కొనుక్కొని నేస్తాండు. ఆర్నెల్ల సంది నేనే తెచ్చి మన సరుకుల కలుపుతాన. మన ఆరు సాంచెలు బంద్ వెట్టినంక ఎప్పుడన్న ఒక్కసారే పెద్ద ఆర్డరు వస్తె ఎట్ల అందిందనుకున్నవ్? చెప్దామనే అనుకున్న. చెప్పనీకి నోరు రాలే."

"జంట పోగు ఎందుకు వెయ్యలే?" అనసూయకు ఆ వేళ ఆ ఒక్క ప్రశ్నే తోచింది.

"ఎక్కడ అమ్మినా ఇంటి ఆచారం వదలొద్దని వెయ్యమన్న. 'అది వదిన ఇంటి గుర్తన్నా, నా చేతి గుడ్డ కనవడొద్దన్నది గద, నాకు ఆ గుర్తు పెట్టే హక్కు లేదు' అన్నడు."

బంగారం చెయ్యి, అన్నాడు కృపానందం ఇందాక. పొగడ్త విని తను ఎంత వెలిగిపోయిందో గుర్తొచ్చి అనసూయకు సిగ్గేసింది.

"ఇంటి మనిషేనాయె! ఇంక ఫికరేంది?" అన్నాడు కృపానందం, అసలు సంగతి తెలియక. "ఫోన్ చెయ్యుండ్రి. పొద్దుగాల ఏడింటికి మేం వచ్చి చూస్తమని చెప్పుండ్రి."

మల్లికార్జున్ తల అడ్డంగా ఊపాడు. "నేను చెప్తె వినడు సార్. మన గోదాముకు పోతదని తెలిస్తె గుడ్డ గూడ ఇయ్యకపోవు. బయట అమ్ముతానని చెప్పి తెస్తాన." ఫోన్లో నంబరు తీసి భార్య వైపు చాపాడు. ఆమె వైపు చూడలేదు.

అనసూయ ఫోను తీసుకుంది. అత్త వైపు చూసింది. చిలుకమ్మ ఆ ముడి మీద నుంచి వేలు తీయలేదు. అనసూయ పచ్చగుర్తు నొక్కి చెవికి పెట్టుకుంది.

నాలుగుసార్లు మోగింది. ఐదోసారికి ఎత్తారు. అలో అన్న మాట లేదు. దూరంగా ఒంటి సాంచె టకటకా నడుస్తున్న చప్పుడు మాత్రం వినిపించింది.

"యాకయ్యా," అంది. "నేను... వదినను."

అవతల సాంచె ఆగిపోయింది.